ఇథియోపియాలోని అసెలాకు వాలంటీర్లుగా వెళ్తున్నాం: ఇల్లు, తిండి, చలి గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కాకినాడ_పద్మ | 5 ఆగస్టు 2018
అందరికీ నమస్కారం. నేను నర్సింగ్ ట్యూటర్‌గా చేసి వీఆర్ఎస్ తీసుకున్నాను. మా వారు విద్యుత్ శాఖలో ఏఈగా రిటైరయ్యారు. పిల్లల బాధ్యతలు తీరాయి. ఒక వాలంటీర్ సంస్థ ద్వారా నాకు ఇథియోపియాలో అసెలా అనే ఊళ్ళో పని వచ్చింది. నర్సింగ్ విద్యార్థులకు వార్డులో దగ్గరుండి పని నేర్పించాలి. రెండేళ్ళు. జీతం ఉండదు. ఇల్లు ఇచ్చి, నెల గడవడానికి సరిపడా అలవెన్స్ ఇస్తారు. మా వారు నాతో పాటు వస్తున్నారు, కాగితాల్లో ఆయన 'వెంట వచ్చే భాగస్వామి' మాత్రమే. అక్టోబరులో ప్రయాణం.

ఆ ఊరు 2,430 మీటర్ల ఎత్తులో ఉందట. మేం సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళం, స్వెట్టర్ కొన్నది కూడా ఒక్కసారే, కేదార్‌నాథ్ వెళ్ళినప్పుడు. ఆయన శాకాహారి. నేను అన్నీ తింటాను. ఏం తీసుకెళ్ళాలి, ఏం అక్కర్లేదు, ఏ కాగితాలు ముందే చేయించుకోవాలి? అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లంబసింగి_లచ్చన్న | 5 ఆగస్టు 2018
పద్మక్కా, మన అరకు 900 మీటర్ల పైచిలుకు. మా లంబసింగి వెయ్యి దగ్గర. ఊటీ 2,240. అంటే మీరు ఊటీ కన్నా ఎత్తులో కాపురం పెట్టబోతున్నారు. ఒక్క స్వెట్టర్ చాలదు!

ఆవకాయ్_ఇన్_ఆడిస్ | 6 ఆగస్టు 2018
పద్మగారూ, మేం ఆడిస్ అబాబాలో ఉంటున్నాం, మా వారు బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఆడిస్ కూడా దాదాపు అంతే ఎత్తు కాబట్టి వంటింటి సంగతులు నేను చెప్తాను.

ముందు ప్రెషర్ కుక్కర్. ఆ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పప్పు పెడితే మధ్యాహ్నానికి కూడా ఉడకదు. అన్నం పైన మెత్తబడి లోపల పలుకుంటుంది. కుక్కర్ తప్పనిసరి, స్పేర్ గాస్కెట్లు, సేఫ్టీ వాల్వులు కూడా తెచ్చుకోండి. అసెలాలో దొరకవు.

కందిపప్పు మర్చిపోండి. ఎర్ర మైసూరు పప్పు ఎక్కడైనా దొరుకుతుంది, 'మిసిర్' అని అడగండి. శనగలు, బఠాణీ పప్పు పుష్కలం. పసుపు, అల్లం, వెల్లుల్లి, ఆవాలు, మెంతులు, ధనియాలు, వాము అన్నీ వాళ్ళ వంటలోనూ ఉన్నాయి కాబట్టి సంతలో దొరుకుతాయి. పచ్చిమిరపకాయలు లావుగా ఉంటాయి, ఘాటు బాగానే ఉంటుంది. కరివేపాకు, చింతపండు, ఇంగువ తెచ్చుకోండి. పెరుగుకి దిగులు లేదు. మీ అసెలా ఉన్న ఆర్సీ ప్రాంతం పశువులకు పేరు, పాలు చిక్కగా ఉంటాయి. చలికి తోడుకోవడమే ఆలస్యం.

శాకాహారం విషయంలో మీ ఆయనగారు అదృష్టవంతులు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు, ఈస్టర్‌కి ముందు 55 రోజులు, ఇంకా చాలా రోజులు ఉపవాసం ఉంటారు. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. హోటల్లో 'యెత్సోమ్ బెయాయ్‌నెతు' అనండి. పెద్ద ఇంజెరా మీద ఐదారు రకాల పప్పులు, ఆకుకూరలు, బీట్‌రూట్, బంగాళాదుంప పెట్టి తెస్తారు. ఇంజెరా టెఫ్ అనే సన్నటి గింజల పిండితో చేస్తారు, బాగా పులిసిన దోశలా ఉంటుంది. మొదటి వారం మొహం చిట్లిస్తారు, తర్వాత లేకపోతే వెతుక్కుంటారు.

మీకు నాన్‌వెజ్ కాబట్టి ఒక సంగతి. అక్కడ ముస్లింల మాంసం కొట్టు, క్రైస్తవుల మాంసం కొట్టు వేరువేరు. ఒకరి దుకాణంలో మాంసం ఇంకొకరు తినరు. ఇంటికి ఎవరినైనా భోజనానికి పిలిస్తే మాంసం ఎక్కడ కొన్నారో చెప్పాలి. లేదంటే అందరికీ పప్పు పెట్టేయండి, గొడవే ఉండదు.

గోండార్_మాస్టారు | 7 ఆగస్టు 2018
అమ్మా, నేను గోండార్ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి వచ్చాను. ఆ రోజుల్లో ఇథియోపియాలో ఏ యూనివర్సిటీకి వెళ్ళినా నలుగురు తెలుగు లెక్చరర్లు కనబడేవారు. మీకు రెండు విషయాలు గట్టిగా చెప్తాను, ఒకటి పేరు, రెండోది టైము.

అక్కడ ఇంటిపేరు అనేదే లేదు. మనిషి పేరు, దాని వెనక తండ్రి పేరు, దాని వెనక తాత పేరు. ఫారాల్లో ఆ మూడు గడులే ఉంటాయి. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటే అది మీ నాన్నగారి పేరనో, మీ పేరనో రాసేస్తారు. నా రెసిడెన్స్ పర్మిట్‌లో నన్ను మా ఇంటిపేరుతోనే పిలిచారు, ఉన్నన్నాళ్ళూ అదే నా పేరైపోయింది. అన్ని కాగితాల మీదా ఒకే వరసలో ఉండేలా మొదటి రోజే చూసుకోండి.

ఇంకో మాట. అక్కడ ఆడవాళ్ళు పెళ్ళయ్యాక పేరు మార్చుకోరు. కాబట్టి భార్యాభర్తల పేర్లు కలిశాయా లేదా అని ఎవరూ చూడరు, మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించమంటారు. పెళ్ళి ఫోటో చూపించి పని జరిపించుకుందామంటే కుదరదు. రిజిస్ట్రేషన్ చేయించి, విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఢిల్లీలో ఇథియోపియా ఎంబసీ ముద్ర ఇప్పుడే వేయించండి. మీ డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా.

ఇక టైము. అక్కడ రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళకు ఒంటిగంట. 'రేపు మూడింటికి రండి' అంటే పొద్దున్న తొమ్మిదికి. వారాన్ని సూర్యోదయం నుంచి లెక్కపెట్టే మన పంచాంగం చూసినవాళ్ళకి ఇది వింతేం కాదు, అయినా అలవాటు పడే వరకు టెన్షనే. విమానం టికెట్ మీద మాత్రం మామూలు టైమే ఉంటుంది. ఊరి బస్సులు వాళ్ళ టైము. ఎవరు టైము చెప్పినా 'ఫెరెంజ్ టైమా, హబెషా టైమా' (విదేశీయుల టైమా, ఇథియోపియా వాళ్ళ టైమా) అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

క్యాలెండర్ కూడా వేరే. 30 రోజుల నెలలు పన్నెండు, ఆఖర్న అయిదు రోజుల బుల్లి నెల ఒకటి, మొత్తం 13. ఈ సెప్టెంబరు 11కి వాళ్ళకి 2011వ సంవత్సరం మొదలవుతుంది. మీరు వెళ్ళగానే ఏడెనిమిదేళ్ళు చిన్నవారవుతారు, సంతోషించండి.

డాక్టర్_వలస | 8 ఆగస్టు 2018
ఎల్లో ఫీవర్ టీకా ముందు. ఇథియోపియా నుంచి తిరిగొచ్చేవాళ్ళని మన ఎయిర్‌పోర్టుల్లో ఆ కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి, ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది.

2,400 మీటర్ల ఎత్తు ప్రమాదం కాదు కానీ మొదటి రోజుల్లో మెట్లెక్కితే ఆయాసం, నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. బీపీ మాత్రలు వాడుతుంటే వెళ్ళే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. అసెలా ఎత్తుకి మలేరియా దోమలు పెద్దగా ఉండవు. కానీ కింద అదామా, ఆవాష్ వైపు దిగితే ఉంటాయి. 'మా ఊళ్ళో లేదుగా' అని దోమతెర లేకుండా కింద పడుకోవద్దు. చలిగా ఉన్నా ఎండ చర్మాన్ని మాడ్చేస్తుంది, టోపీ పెట్టుకోండి. కుక్క కరిస్తే అక్కడ ఇంజెక్షన్ వెతుక్కోవడం కష్టం, రేబిస్ టీకా ముందుగానే వేయించుకోవడం మంచిది.

పేట_చిన్నోడు | 9 ఆగస్టు 2018
ఏమీ అనుకోకండి మేడం. పాడేరు, సీలేరు ఏజెన్సీలో పీహెచ్‌సీలకి నర్సులు లేక జనం డోలీ కట్టి గర్భిణుల్ని మోస్తున్నారు. అక్కడా కొండలే, అక్కడా చలే. సేవ చెయ్యడానికి ఆఫ్రికా దాకా వెళ్ళాలా? ఇలాంటి వాలంటీర్ ఉద్యోగాలు సగం టూరిజమే అని నా అభిప్రాయం.

కాకినాడ_పద్మ | 9 ఆగస్టు 2018
చిన్నోడు గారూ, అడగాల్సిన ప్రశ్నే. రంపచోడవరంలో కొన్నేళ్ళు చేశాను. అక్కడ ఖాళీలు ఉన్నది నర్సులు లేక కాదు, పోస్టులు భర్తీ చెయ్యక, చేసినవాళ్ళకి ఉండటానికి క్వార్టర్స్ లేక. రిటైరైన నేను వెళ్ళి ఉచితంగా చేస్తానంటే తీసుకునే పద్ధతే లేదు, అడిగి చూశాను. ఇక్కడ నన్ను అడిగింది పేషెంట్లకు సేవ చెయ్యమని కాదు, నేర్పించమని. టూరిజం అంటారా, చిన్న ఊళ్ళో రెండేళ్ళు ఉండేవాళ్ళని టూరిస్టులంటారో లేదో మీరే చెప్పండి.

పేట_చిన్నోడు | 9 ఆగస్టు 2018
సరే మేడం, రంపచోడవరం సంగతి ఒప్పుకుంటాను. టూరిజం అన్నమాట మీకు వర్తించదు. మిగతావాళ్ళ విషయంలో నా మాట నాదే.

లంబసింగి_లచ్చన్న | 10 ఆగస్టు 2018
కొండల మాటొచ్చింది కాబట్టి ఒకటి. మా వైపు నవంబరులో కొండంతా పసుపుపచ్చగా పూసే వలిసెలు, అదే వెర్రినువ్వులు, ఆ మొక్క పుట్టిల్లు ఇథియోపియానే. వాళ్ళు దాన్ని 'నుగ్' అంటారు, ఆ నూనెతోనే ఉపవాసం రోజుల వంట. మన రాగులు కూడా ఆ తూర్పు ఆఫ్రికా కొండల నుంచి వచ్చినవే. కాబట్టి పద్మక్క వెళ్తోంది పరాయి దేశం కాదు, మా అంబలి పుట్టింటికి.

కాకినాడ_పద్మ | 18 నవంబరు 2018
ఆలస్యానికి క్షమించండి. వచ్చి స్థిరపడుతున్నాం. ముంబయి నుంచి ఆడిస్‌కు విమానం, అక్కడ సంస్థ వాళ్ళ ఓరియెంటేషన్, తర్వాత ఎక్స్‌ప్రెస్‌వే మీద అదామా. అక్కడి నుంచి అసెలా 75 కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. అదామాలో చెమటలు పట్టాయి, అసెలాలో దిగేసరికి పళ్ళు టకటకలాడాయి. ఊరి వెనక చిలాలో పర్వతం, చుట్టూ గోధుమ, బార్లీ చేలు. మేం వచ్చేసరికి కోతలు మొదలవుతున్నాయి. వీధుల్లో గుర్రబ్బళ్ళు, నీలం తెలుపు రంగుల ఆటోలు. వాటిని ఇక్కడ ఆటో అనరు, 'బజాజ్' అంటారు! మా వారు మొదటి రోజు ఆ బోర్డు చూసి పుణె వాళ్ళ కంపెనీకి సలాం కొట్టారు.

ఇల్లు ఒక పెద్ద కాంపౌండ్‌లో ఉంది. ముందు భాగం ఇంటివాళ్ళది, వెనక రెండు గదులు మావి. యూకలిప్టస్ కర్రలు పాతి, మట్టి, గడ్డి కలిపి మెత్తిన గోడలు, పైన రేకులు. లోపల సున్నం కొట్టారు, శుభ్రంగా ఉంది. వాన పడితే ఫోన్ మాట్లాడుకోవడం కుదరదు, ఆ రేకుల చప్పుడు అంత. నీళ్ళు వారంలో కొన్ని రోజులే వస్తాయి. నల్ల ప్లాస్టిక్ ట్యాంక్ ఉంది, 'రోతో' అంటారు, అది నింపుకోవాలి. అది ఖాళీ అయితే పసుపు డబ్బాలతో గాడిద బండి మీద తెప్పించుకోవాలి. రాత్రి ఏడెనిమిది డిగ్రీలకు దిగుతుంది, గదిలో హీటర్ ఉండదు. ఇంటావిడ మొదటి వారమే 'గాబీ' తెచ్చి కప్పింది, నాలుగు పొరల చేనేత నూలు దుప్పటి. చీరాల దుప్పట్లు తెలిసినవాళ్ళం, మేం మెచ్చుకున్నామంటే చూసుకోండి.

ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తాను. గోమార్లు! ఇక్కడ 'కున్చా' అంటారు. మంచం కాళ్ళ దగ్గర, సాక్సుల్లో, మినీబస్సు సీట్లలో. కాళ్ళంతా దద్దుర్లు. పరుపు ఎండలో వెయ్యడం, నేలని కిరోసిన్ కలిపిన నీళ్ళతో తుడవడం ఇంటావిడ నేర్పింది. తగ్గాయి, పోలేదు.

భాష సంగతి. ఊళ్ళో అమ్హారిక్ కూడా నడుస్తుంది కానీ ఆర్సీ వాళ్ళ మాతృభాష అఫాన్ ఒరోమో. దాన్ని 1991 నుంచి ఇంగ్లిష్ అక్షరాలతోనే రాస్తున్నారు కాబట్టి బోర్డులు చదివేయగలుగుతున్నాం, అర్థం కాకపోయినా. 'అక్కమ్ జిర్తు' అని పలకరిస్తే సంతలో ముసలమ్మలు ఆగి, చెయ్యి పట్టుకుని, మా ఇంట్లోవాళ్ళు, పశువులు, పంటలు అందరూ బాగున్నారా అని వరసగా అడుగుతారు. అన్నింటికీ 'నగా' అంటే చాలు. మమ్మల్ని 'హింద్' అంటారు. ఇంటాయన చిన్నప్పుడు, హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో, ఆయనకి లెక్కలు చెప్పింది కేరళ మాస్టారట. 'మీ దేశం వాళ్ళు బెత్తంతో కొట్టేవారు' అని నవ్వుతూ చెప్పారు, అద్దె మాత్రం తగ్గించలేదు.

గోండార్_మాస్టారు | 19 నవంబరు 2018
ఆ తరం వాళ్ళు నాకూ ఎక్కడికక్కడ కనబడేవారు. బస్సులో, బ్యాంకులో, ఇమిగ్రేషన్ ఆఫీసులో. ఇండియా మాస్టారి దగ్గర చదువుకున్న గుమాస్తా దొరికితే మన ఫైలు ఒక బల్ల ముందుకు జరుగుతుంది. వాళ్ళని వెతికి పట్టుకోవడం కూడా ఒక విద్య.

కాకినాడ_పద్మ | 27 జనవరి 2019
కాస్త మనసు విప్పి మాట్లాడుకోవాలనిపించి రాస్తున్నాను. నా పని బాగుంది. కష్టమే, కానీ పిల్లలు నేర్చుకుంటున్నారు. వార్డులో చేతులు కడుక్కునే నీళ్ళే లేనప్పుడు పాఠం ఎలా చెప్పాలో నేనూ నేర్చుకుంటున్నాను. పొద్దున్నే వెళ్తాను, సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో బునా, అంటే కాఫీ. పచ్చి గింజలు మన ఎదుటే వేయించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మూడోది తాగకుండా లేస్తే చిన్నబుచ్చుకుంటారు. ఇంటికొచ్చేసరికి చీకటి.

మా వారు ఇంట్లో ఉంటారు. జీవితమంతా ఫోన్లు మోగుతూ, లైన్‌మెన్ చుట్టూ ఉండగా గడిపిన మనిషి. ఇక్కడ ఆయన్ని అందరూ 'సిస్టర్ పద్మ భర్త' అంటారు. పేరు ఎవరూ అడగరు. ట్యాంక్ నింపుతారు, వంట చేస్తారు, కిటికీ దగ్గర కూర్చుంటారు. ఫిర్యాదు చెయ్యరు, అదే నాకు భయం. నేను వార్డు కబుర్లు చెప్తే వింటారు, తనకి చెప్పడానికి ఏమీ లేదు. తిరిగి వెళ్ళిపోదామా అని ఒకసారి అడిగాను. 'నీ పని పూర్తవనీ' అన్నారు. ఇలాంటిది చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

లంబసింగి_లచ్చన్న | 27 జనవరి 2019
అక్కా, ఈసారి జోకులు లేవు. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు రాయండి.

కిగాలీ_కోడలు | 28 జనవరి 2019
పద్మగారూ, నేను అటువైపు మనిషిని. రువాండా కొండల్లో మా ఆయనకి వాలంటీర్ పోస్టింగ్, నేను 'వెంట వచ్చే భాగస్వామి'. ఇంటర్వ్యూలో వందసార్లు ఆయన్ని అడిగారు, నన్ను ఒక్కటే అడిగారు, 'మీకు అభ్యంతరం లేదు కదా?' అని. జంటల్లో ముందే తిరిగొచ్చేసినవాళ్ళని కొందరిని చూశాను. పోస్టింగ్ ఉన్నవాళ్ళ పని బాలేక వెనక్కి వచ్చినవాళ్ళు తక్కువ. వెంట వెళ్ళినవాళ్ళకి పొద్దున్న లేచి వెళ్ళడానికి ఒక చోటు లేక వచ్చినవాళ్ళే ఎక్కువ.

మొహమాటం లేకుండా చెప్తాను. ఆయన్ని మీ వార్డుకి, మీ బునాలకి తీసుకెళ్ళకండి. అక్కడ ఆయన ఎప్పటికీ మీ భర్తే. ఆయనకంటూ మీకు తెలియని మనుషులు ఉండాలి. భాష నేర్పే మాస్టారు ఇద్దరికీ ఒకరే ఉంటే మార్చెయ్యండి. నాకు మార్గం సంతలో దొరికింది. టమాటాలు అమ్మే ఆవిడ కూతురికి ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టాను, తర్వాత ఆ వీధంతా వచ్చారు. జీతం తీసుకునే పని వీసా ఒప్పుకోదు, జాగ్రత్త. జీతం లేని పనికి కూడా ఎవరి దగ్గరైనా ఒక ఉత్తరం తీసుకోండి.

ఇంకొకటి. 'నేను సంతోషంగా ఉన్నందుకు తప్పు చేస్తున్నానా' అనే భావం మీ రాతలో కనబడింది. అది పెట్టుకోకండి. మీరు వార్డు కబుర్లు చెప్పడం మానేస్తే ఆయనకి ఉన్న ఆ కాస్త వార్త కూడా పోతుంది.

ఆవకాయ్_ఇన్_ఆడిస్ | 28 జనవరి 2019
ఆడిస్‌లో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళందరి కథ ఇదే, వాలంటీర్లు కాకపోయినా. ఆయన్ని పొద్దున్న పరుగుకి పంపండి! ఒలింపిక్ పరుగు వీరుడు హైలే గెబ్రసెలాసీ పుట్టింది అసెలా దగ్గరే. డెరార్టు తులు, కెనెనిసా బెకెలె, తిరునెష్ దిబాబా అందరూ దక్షిణాన బెకోజీ వాళ్ళు. ఆ రోడ్డు మీద తెల్లారకముందే ఊరంతా పరుగెడుతుంటారు.

పద్మ_గారి_ఆయన | 16 ఫిబ్రవరి 2019
నమస్కారం. నా గురించి ఇక్కడ చర్చ జరుగుతోందని మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఇన్నాళ్ళకి చదివాను. అకౌంట్ పేరు కూడా ఆమే పెట్టింది.

పరుగు నా వల్ల కాదు. మోకాళ్ళు, పైగా ఈ గాలి. నడుస్తున్నాను. పొద్దున్న బార్లీ చేల పక్కన నడుస్తుంటే పన్నెండేళ్ళ పిల్లలు నన్ను దాటి పరుగెత్తి వెనక్కి తిరిగి 'ఐజో' అంటారు, ధైర్యం తెచ్చుకో అని. నాకు అరవై దాటాయి, ఎవరి ధైర్యం ఎవరికి కావాలో!

నడకలో ఒక ఆరోగ్య కేంద్రం దగ్గర ఆగాను. వెనక షెడ్డులో ఎవరో విరాళంగా ఇచ్చిన యంత్రాలు వరసగా ఉన్నాయి, సగం ప్యాకింగ్ కూడా విప్పలేదు. కొన్ని 110 వోల్టులవి. ఇక్కడ 220. పెట్టగానే కాలిపోయాయి. కొన్నింటికి ఫ్యూజు పోతే మార్చేవాళ్ళు లేక మూలన పెట్టారు. అక్కడొక కుర్రాడు ఉన్నాడు, టెక్నీషియన్ డిప్లొమా చేశాడు, తెలివైనవాడు. స్పేర్లు లేవు, టెస్ట్ మీటరు లేదు, అడిగే అధికారం లేదు. నా మీటరు ఇచ్చాను. ఇద్దరం కూర్చుని ఒక స్టెరిలైజర్ విప్పాం. ఎర్తింగే లేదు బిల్డింగ్‌కి! నలభై ఏళ్ళు నేను పాఠం చెప్పింది దాని గురించే.

పేట_చిన్నోడు | 17 ఫిబ్రవరి 2019
సార్, గౌరవంతోనే అడుగుతున్నా. మీరు ఉచితంగా చేస్తే అక్కడి ఎలక్ట్రీషియన్‌కి పని పోదా? రేపు మీరు వచ్చేశాక పాడైతే?

పద్మ_గారి_ఆయన | 17 ఫిబ్రవరి 2019
బాబూ, అదే ప్రశ్న ఆ కుర్రాడు నన్ను అడిగాడు, నీ కన్నా సూటిగా. అందుకే నేను స్క్రూ డ్రైవర్ పట్టుకోను. అతను విప్పుతాడు, నేను పక్కన కూర్చుంటాను. ఎర్తింగ్ గుంత తవ్వింది, రాగి పట్టీ వేసింది ఊళ్ళో ఎలక్ట్రీషియన్, కేంద్రం వాళ్ళు కూలి ఇచ్చారు. ఇప్పుడు స్థానిక వృత్తి విద్యా కాలేజీలో వారానికి కొన్ని క్లాసులు అడుగుతున్నారు. ఉత్తరం కావాలన్నాను. ఇక్కడ ఏ కాగితమైనా 'మహ్తెమ్' పడితేనే కాగితం, ఊదారంగు గుండ్రటి ముద్ర. ఆ ముద్ర ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. ఎదురు చూస్తున్నాం. మన ఆఫీసులే గుర్తొచ్చి ప్రాణం కుదుటపడింది.

కాకినాడ_పద్మ | 11 మార్చి 2019
నిన్నటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నైరోబీ విమానం కూలింది బిషోఫ్తు దగ్గర, మేం ఆడిస్ నుంచి అదామా వచ్చిన దారిలోనే ఆ ఊరు. 157 మందిలో మన దేశం వాళ్ళూ ఉన్నారు. మేమిద్దరం అసెలాలోనే ఉన్నాం. ఇక్కడ ఊరంతా నిశ్శబ్దంగా ఉంది, మా విద్యార్థుల్లో ఒకమ్మాయికి తెలిసినవాళ్ళు పోయారు. ఇంతకన్నా రాయలేను.

పద్మ_గారి_ఆయన | 25 మే 2019
దేశమంతా కరెంటు రేషన్ మొదలైంది. గిబె డ్యాముల్లో నీళ్ళు తగ్గాయట, రోజులో గంటల కొద్దీ కోత. ఇంటివాళ్ళకి ఏ లైను ఎప్పుడు పోతుందో చార్టు గీసి గోడకి అంటించాను. వీధిలో వాళ్ళు వచ్చి కాపీ రాసుకుని వెళ్తున్నారు. కాలేజీ క్లాసులు జరుగుతున్నాయి. ముద్ర పడింది. పద్మ ఇప్పుడు నా కబుర్లు వినలేక నిద్రపోతోంది.

పద్మ_గారి_అమ్మాయి | 24 జూన్ 2019
నేను వాళ్ళ అమ్మాయిని. శనివారం ఆడిస్‌లో, బహిర్ దార్‌లో కాల్పులు జరిగాయని, సైన్యాధిపతిని, అమ్హారా ప్రాంత అధ్యక్షుడిని చంపేశారని న్యూస్ చూశాను. అప్పటి నుంచి అమ్మావాళ్ళు వాట్సాప్‌లో లేరు. ఎవరికైనా తెలుసా? చాలా టెన్షన్‌గా ఉంది.

గోండార్_మాస్టారు | 24 జూన్ 2019
తల్లీ, కంగారు పడకు. దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు. ఈ నెలలోనే పరీక్ష పేపర్లు లీకవుతాయని ఒకసారి ఆపారు, ఇది రెండోసారి. ఆవకాయ్ గారు కూడా అందుకే కనబడటం లేదు. వాట్సాప్ వదిలేసి మామూలు ఐఎస్‌డీ కాల్ చెయ్యి. రాత్రి పొద్దుపోయాక లైను దొరకొచ్చు. సంస్థ వాళ్ళ అత్యవసర నంబరు నీ దగ్గర ఉందా?

పద్మ_గారి_అమ్మాయి | 25 జూన్ 2019
కలిసింది! ఇద్దరూ బాగున్నారు. సంస్థ వాళ్ళు ఊరు దాటొద్దన్నారట. నాన్న అయితే 'నెట్ లేకపోతే కాలేజీకి నడిచి వెళ్ళడం ఆగుతుందా' అన్నారు. నాకు మాత్రం సంస్థ నంబరు లేదు, ఈ రోజే రాసుకున్నాను. వెళ్ళేవాళ్ళు ఆ నంబరు ఇంట్లోవాళ్ళకి ఇచ్చి వెళ్ళండి దయచేసి.

గోబా_ప్రయాణం | 21 జులై 2019
ఈ చర్చ మొత్తం చదివాం, చాలా ఉపయోగపడింది. మేం ఇద్దరం టీచర్లం, కర్నూలు. బాలే ప్రాంతానికి వాలంటీర్లుగా వెళ్తున్నాం, నాకు గోబాలో, మా ఆవిడకి రోబెలో. సెప్టెంబరు రెండో వారంలో దిగమంటున్నారు. మిక్సీ తేవచ్చా? ఇల్లు ఏ ఊళ్ళో తీసుకోవాలి?

కాకినాడ_పద్మ | 22 జులై 2019
రెండో వారం వద్దని చెప్పండి. ఈ ఏడాది వాళ్ళ ఆఖరి బుల్లి నెలకి ఆరు రోజులు, కొత్త సంవత్సరం సెప్టెంబరు 12న. ఆ వారం ఏ ఆఫీసులోనూ పని జరగదు. 28న మెస్కెల్ పండగ. మధ్యలో వారం చూసుకుని దిగితే పర్మిట్ పని సాగుతుంది. అప్పటికి వానలు కూడా తగ్గుముఖం పడతాయి. రబ్బరు బూట్లు ఇక్కడే కొనుక్కోండి, చవక.

పద్మ_గారి_ఆయన | 22 జులై 2019
మిక్సీ తెండి, స్టెబిలైజర్ లేకుండా పెట్టకండి. మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడ పట్టదు, రెండు గుండ్రటి పిన్నుల అడాప్టర్లు కావాలి. బైనాక్యులర్స్ మాత్రం తేవద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ఇద్దరికీ పని ఉందన్నారు, మంచిది. ఇల్లు రోబెలో తీసుకోండి. గోబా ఇంకో 250 మీటర్లు పైన, చలి అంత ఎక్కువ. రెండింటికీ మధ్య 15 కిలోమీటర్ల లోపే, మినీబస్సులు తిరుగుతూనే ఉంటాయి. పొద్దున్న మీరు ఎక్కి వెళ్ళండి, మీ ఆవిడ నడిచి బడికి వెళ్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మీటరు బోర్డు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.